కిటికీ పక్క కుర్చీ

చెమట, అవును, ముందు నా చేతికి తగిలింది అదే, కీమో ఎక్కించే చల్లటి గదిలో అందరూ దుప్పట్లు కప్పుకుని కూర్చుంటే ఈ టైలరక్కకి మెడ వెనక చెమటేమిటి, థర్మామీటరు చూస్తే మామూలుగానే ఉంది, పక్కన ఆమె భర్త, ఈవిడకి ఒంట్లో వేడెక్కడిది సిస్టరమ్మా, ఉన్నదంతా నోట్లోనే అని నవ్వించాడు, నేనూ నవ్వాను, కాళ్ళు మాత్రం పీకుతున్నాయి, ఇంతకీ నీ పనేమిటే అని ఓసారి ఇంట్లో మా అత్తగారు అడిగితే సూదిలో దారంలా తిరగడమే అత్తయ్యా అన్నాను, డాక్టరుకీ స్కానింగుకీ మందు కలిపే గదికీ రోగుల ఇంటివాళ్ళ భయానికీ మధ్య, ఎక్కడ తెగినా తిట్లు దారానికే, సరే, బావగారూ కాస్త మంచినీళ్ళు తెస్తారా అని అక్క భర్తని పంపేశాను, అయినవాళ్ళ ముందు ఎవరూ నిజం చెప్పరు, దేవుడు కూడా అందుకే మనిషిని ఒంటరిగా ఉన్నప్పుడు అడుగుతాడేమో, అక్కా, పొద్దున ఏం మాత్ర వేసుకున్నావ్, ఆమె కిటికీలోంచి చూస్తూ, జ్వరం మాత్రమ్మా, రాత్రి చలొచ్చింది, ఆయనకి చెప్పకు.

ఇక పరుగే, మందు కలపొద్దని ఫోను, మొన్నటి రిపోర్టు బాగుందిగా సిస్టర్ అంటూనే డాక్టరుగారు వచ్చేశారు, మందులతో తెల్లకణాలు తగ్గిన ఒంట్లో జ్వరమంటే ఆయనకీ భయమే, మళ్ళీ రక్తం తీయించి, పై అంతస్తులో బతిమాలి మంచం సంపాదించి, యాంటీబయాటిక్ పెట్టించేసరికి మాత్ర పని అయిపోయింది, ఒళ్ళు పెనంలా కాలిపోయింది, నీళ్ళ సీసా పట్టుకుని ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు, పాపం, ఒక్క జోకూ లేదు.

ఇప్పుడు అక్క నాడి కుదుటపడింది, స్టూలు మీద కూలబడ్డాను, ఎందుకు దాచావక్కా, ప్రాణం మీదికి తెచ్చుకుంటారా ఎవరైనా, కళ్ళు తెరవకుండానే అంది, నువ్వే కదమ్మా అన్నావ్, జ్వరముంటే మందు ఎక్కించం, ఇంటికి పంపేస్తామని, నా కుర్చీ ఇంకొకళ్ళకిచ్చేస్తే మళ్ళీ ఎప్పటికో, అవును, నేనే అన్నాను, అందరితో అంటాను, జాగ్రత్త చెప్పాననుకున్నాను, ఆమెకది తలుపు వేసిన చప్పుడులా వినబడింది, వీళ్ళని చల్లగా చూడు తండ్రీ అని రోజూ పొద్దున మొక్కి వస్తాను, ఆ దేవుడు చూడాలన్నా మా నోటి మాట గుండానే చూడాలి కాబోలు, రేపటినుంచి అందరికీ ఆ మాటే తిప్పి చెప్పాలి, జ్వరమొస్తే ముందు నాకు చెప్పండి, మీ కుర్చీ మీకే ఉంచుతాను, రేపటిదాకా ఎందుకు, వంగి ఆమె చెవిలోనే చెప్పాను, నీ కుర్చీ ఎక్కడికీ పోదక్కా, కిటికీ పక్కదేనా అంది, కిటికీ పక్కదే.