మంచె ముఖం

మా ఊరి జొన్నచేలో పరుగు పందేలు పెడతారంటే మొదట ఎవరూ నమ్మలేదు. షామీర్‌పేట దాటాక సర్పంచు వెంకటనర్సయ్య చేను కోత అయిపోయి ఖాళీగా ఉంది. గట్లు, గుంతలు, ఒక చిన్న వాగు, ద్రాక్షతోట పక్కనుంచి బండ్ల బాట. అటువంటి నేల మీదే ఉరికే పందెం ఒకటుందట. దేశంలోని అన్ని రాష్ట్రాల నుంచీ పిల్లలు వస్తారట.

"పాపం, సాపు జాగ దొరకలేదా ఏంది?" అన్నది మా సంఘంలోని ఐలమ్మ.

పందేల కమిటీకి రాఘవేందర్ సారు సెక్రటరీ. మెడలో ఈల, చేతిలో కొలిచే టేపు, ఎప్పుడూ పరేషానే. ఆయన వచ్చి చెప్పాడు: పత్రికల నుంచి ఫొటోలు తీసేవాళ్లు ఇరవై మంది దాకా వస్తారు. పందెం ముగిసే గీత దాటి కొంచెం అవతల, బాట పక్కన వాళ్లకు ఎత్తుగా ఒక స్టాండ్ కావాలి. ముందు వరుస కూర్చోవాలి, వెనక వరుస నిలబడాలి. బాట మీదికి ఒక్కరూ దిగకూడదు. ఉరికే పిల్లలకు అడ్డం పడితే పందెం అంతా ఖరాబవుతుంది.

"బాటకు ఏ పక్క కట్టాలె సారూ?" అని అడిగాను.

"ఎటైనా సరే అమ్మా, మీ ఇష్టం."

ఆ పని మా మహిళా సంఘం తీసుకుంది. సర్పంచు నవ్వాడు. "ఆడోళ్లు మంచె కడ్తరా? సరే కట్టుండ్రి. మంచిగ కుదిరితే మీ సంఘానికి గది కట్టుకోను జాగ ఇస్త. కుదరకుంటె మాత్రం ఇగ మళ్ల నన్ను అడగొద్దు."

ఆ జాగా కోసం ఎన్నాళ్ల నుంచో ఆయన చుట్టూ తిరుగుతున్నాం. మా మీటింగులు, మేం అక్షరాలు నేర్చిన రాత్రి బడి, అన్నీ ఐలమ్మ బర్రెల కొట్టంలోనే. తోక తగలకుండా పలక పట్టుకోవడమే మా చదువులో మొదటి పాఠం.

పిట్టలను తోలడానికి చేలల్లో మంచెలు కట్టే గౌరయ్య పెద్దమనిషిగా ముందు నిలబడ్డాడు. జామాయిల్ కర్రలు తెప్పించాడు. గుంతలు మేం తవ్వాం, తాళ్లు మేం బిగించాం, పలకలు మేం పరిచాం. ముఖం ఎటు పెట్టాలన్న మాట వచ్చినప్పుడు ఐలమ్మే తేల్చింది.

"గిది గూడ అడుగుతరా? ఇల్లైనా పొయ్యైనా కొట్టమైనా తూర్పు ముఖమే."

కాదనేది ఎవరు? బాటకు పడమటి పక్కన, తూర్పుకు చూసేలా మంచె లేచింది. మామిడి తోరణం కట్టి, ముందు ఎర్రమన్ను అలికి ముగ్గు వేశాం. నా కంటికైతే పెళ్లి పందిరిలాగే ఉంది.

పందెం ముందు రోజు పొద్దు వాలుతుండగా ఫొటోలవాళ్లు వ్యానులో దిగారు. మంచె ఎక్కారో లేదో జాగల కొట్లాట మొదలైంది. తాటిచెట్టంత పొడుగాయన ఒకడు మూడు కాళ్ల కర్రను ముందు వరుస నడుమ పరిచి నిలబడ్డాడు.

"మాది పెద్ద పత్రిక. ముందు జాగ మాదే."

"మీది గంత పెద్ద పత్రికైతే వెనక నిలబడ్డా కనపడ్తది, పో," అన్నాడు ఇంకొకాయన.

రాఘవేందర్ సారు ఈల ఊదాడు. ఎవరూ వినలేదు.

వాళ్లలో ఆడపిల్ల ఒక్కతే, వినోద. పొట్టిగా ఉంటుంది, తెలుగు పత్రికలో జిల్లా పేజీలకు తీస్తుందట. ఆ పిల్ల కొట్లాటలోకి పోలేదు. కెమెరా కంటికి పెట్టి తూర్పుకు చూసి, దించి, నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, పందెం పొద్దుగాల గదా. మీ ఊర్ల పొద్దు ఎటు పొడుస్తది?"

"గదేం మాట బిడ్డా, మా ఊర్లయినా తూర్పునే," అని చెయ్యి చాపి చూపించాను. చాపిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఆ పిల్ల కెమెరా ఎటు చూసిందో నా చెయ్యీ సరిగ్గా అటే చూపిస్తున్నది.

"అయితే రేపు పొద్దంత మా కండ్లల్లనే కొడ్తది. ఉరికొచ్చే పిల్లల మొకాలు ఫొటోలల్ల బొగ్గుల లెక్క పడ్తయి," అన్నది వినోద మెల్లగా.

కొట్లాట ఆగింది. అందరూ ఒకసారి తూర్పుకు చూశారు, తర్వాత మా దిక్కు చూశారు. ఐలమ్మ తోరణం దిక్కు చూసింది.

రాఘవేందర్ సారు తల పట్టుకున్నాడు. "ఎటైనా సరే అన్నది నేనే. ఇగ సికింద్రాబాద్ టెంట్ హౌసోళ్లకు ఫోన్ కొడ్త. ఇనుప స్టాండ్ తెస్తరు."

అప్పుడే మోటారు సైకిల్ మీద సర్పంచు వచ్చాడు. సంగతి విని మీసం దువ్వుకున్నాడు. "ఏంది సత్తెమ్మా, సంఘం గది పాయెనా?"

నాకు ఒళ్లు మండింది. "పొద్దు గూకేదాంక ఆగుండ్రి సారూ. ఫోన్ ఏడికి పోదు," అని రాఘవేందర్ సారుకు చెప్పి గౌరయ్య దిక్కు తిరిగాను. "గౌరన్నా, బాటకు ఆవలి పక్క పెడితే పొద్దు వెనకకు పోతది గద."

"పోతది. గని విప్పి మళ్ల కట్టాలంటె రేపు సాయంత్రమైతది."

"విప్పుడెందుకు? గుడిసె కప్పు విప్పి ఎక్కిస్తమా?"

మా దగ్గర గుడిసె కప్పును కిందనే అల్లుతారు. వాడంతా వచ్చి తలా ఒక చెయ్యి వేసి గోడల మీదికి లేపుతారు.

"కప్పుకు కాళ్లుండవు గద, దీనికున్నయి," అన్నాడు గౌరయ్య.

"కాళ్లున్నది ఇంక మంచిదాయె. నడుస్తది."

గౌరయ్య నవ్వి గడ్డపార అందుకున్నాడు. ఆవలి పక్కన మేం కొత్త గుంతలు తవ్వాం, ఈవలి పక్కన ఆయన కర్రల చుట్టూ మన్ను వదులు చేశాడు. కానీ లేపడానికి మనుషులు చాలలేదు. ద్రాక్షతోటల పనికి పోయినవాళ్లు ఇంకా రాలేదు. ఫొటోలవాళ్లేమో సంచులు పొట్టకు పట్టుకుని చోద్యం చూస్తున్నారు.

నేను గొంతు పెంచాను. "అయ్యా, ఇనుండ్రి! ఎవరు మంచె ఏ కాలు పట్టి మోస్తరో, రేపు ఆ కాలు కాడి జాగ వాళ్లదే. మొయ్యనోళ్లు కింద నిలబడాలె."

నా మాట ముగియకముందే వినోద సంచి ఐలమ్మ ఒళ్లో పెట్టి ముందు వరుస నడిమి కాలు పట్టేసింది. పొడుగాయన ఉరికాడు.

"మేడం, అది నా జాగ!"

"మీ పేరు రాసున్నదా సారూ? పక్క కాలు పట్టుండ్రి, అది గూడ పోతది."

నిజంగానే పోతున్నది. అందరూ సంచులు పడేసి ఎగబడ్డారు. ఐలమ్మ చుట్టూ కుప్ప పడింది. "గివి కెమెరాలా, చంటిపిల్లలా? అన్నీ నా ఒళ్లెనే పెట్టవడ్తిరి!"

"ఐలేసా!" అన్నాడు గౌరయ్య. మంచె కిర్రుమని లేచింది. తోరణం ఊగింది. ఒకాయన బూటు బురదలో దిగబడి అక్కడే ఉండిపోయింది. రాఘవేందర్ సారు తాళం వేసినట్టు ఈల ఊదుతూ పక్కన నడిచాడు.

"సారూ, ఈల బరువు మొయ్యది. ఓ చెయ్యెయ్యుండ్రి," అన్నాడు గౌరయ్య.

సారు చెయ్యి వేశాడు. బండి దిగి సర్పంచు కూడా వచ్చాడు. ఆయన మోశాడో, ఊరికే చెయ్యి ఆనించాడో నేను చెప్పలేను. బాట దాటి, మెల్లగా తిప్పి, పడమటి ముఖంగా మంచెను కొత్త గుంతల్లో దించాం. మన్ను దిమ్మిస కొట్టాక వినోద ఎక్కి ఎగిరి చూసింది. కదలలేదు.

తెల్లారి పొద్దు మంచె వెనక పొడిచింది. ద్రాక్షతోట మలుపు తిరిగి ఆడపిల్లలు ఉరికొస్తుంటే వాళ్ల మొకాలు తోమిన రాగి చెంబుల్లా మెరిశాయి. మంచె మీద ఎవరి కాలు దగ్గర వాళ్లున్నారు. ఒక్కరు బాట మీదికి దిగలేదు. పొడుగాయన ఒకసారి పక్కకు ఒరిగాడు గానీ, "మీ కాలు కాడ మీరుండ్రి సారూ" అని వినోద అనేసరికి సర్దుకున్నాడు. ముందున్న పిల్ల గీత దాటగానే కెమెరాలన్నీ జొన్నలు పేలినట్టు పేలాయి.

మర్నాటి పత్రిక కొట్టంలో అందరి నడుమ పరిచాను. వినోద తీసిన ఫొటో జిల్లా పేజీ మీద సగం పరుచుకుని ఉంది. కింద గెలిచిన పిల్ల పేరు, మా ఊరి పేరు కూడబలుక్కుని చదివాను. పిల్ల మొకం పున్నమి లెక్క ఉంది. ఆమె వెనక, బాటకు ఆవల, మేం మొదట వేసిన ముగ్గు చెక్కుచెదరకుండా ఉంది. ముగ్గు పక్కన కుర్చీ, కుర్చీలో ఐలమ్మ, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మొకమంతా ముడుచుకుని.

"నా మొకం గట్లెందుకున్నదే?" అన్నది ఐలమ్మ.

"తూర్పు ముఖం పెట్టి కూసుంటివి గద!"

బర్రెలు బెదిరేటట్టు నవ్వారందరూ. ఐలమ్మ కూడా నవ్వింది.

సర్పంచు మాట తప్పలేదు. బడి వెనక జాగా చూపించాడు. సున్నంతో గీత గీయడానికి వచ్చిన గౌరయ్య, డబ్బా పట్టుకుని ఆగాడు.

"గది ముఖం ఎటు పెడదాం?"

అందరం ఐలమ్మ దిక్కే చూశాం.

"తూర్పే," అన్నది ఐలమ్మ. "రాత్రి బడికి కండ్లల్ల పొద్దెట్ల కొడ్తది?"