కనిష్ఠ ద్రవ్యరాశి

"ఏమే ఎలిజబెత్, రాళ్లేరతన్నావా, చుక్కలేరతన్నావా?" వంటింటి గడప మీది నుంచి అడిగింది అత్త గ్రేసమ్మ. ఎలిజబెత్ ఒడిలో బియ్యపు చేట, పక్కన పలక, లాగరిథం పట్టికలు. నరసరావుపేట కాలేజీలో ఫిజిక్సు చెప్పే జ్ఞానయ్య పరిశోధనకు లెక్కలన్నీ భార్యవే. వ్యాసం మీద పేరు మాత్రం అతనిది.

ఎక్స్-కిరణాలు వెదజల్లే తారల పక్కన కంటికందని జోడీలుండవచ్చునని శాస్త్రజ్ఞులు అనుమానిస్తున్న 1967 అది. కనబడనిదాన్ని తూచాలంటే, దాని లాగుడుకు కనబడే తార ఎంత వేగంగా ఊగుతున్నదో చూడాలి. కక్ష్యను సరిగ్గా అంచు నుంచి చూస్తున్నామనుకుంటే వచ్చే విలువ కనిష్ఠం. నిజం అంతకు మించవచ్చు, తగ్గదు. ఎలిజబెత్ లెక్కలో దాని బరువు సూర్యుడికి ఆరు రెట్లు వచ్చింది.

"ఆరేంది? గైడు నవ్వుతాడు. కోణం మార్చి రెండు చెయ్యి," అన్నాడు జ్ఞానయ్య.

"కోణం మారిస్తే పెరుగుద్దండీ. తగ్గదు."

అతను పలక తీసి బోర్లించి, దాని మీద అరచెయ్యి ఆనించి, ఆమె వంకే చూస్తూ నిలబడ్డాడు.

"హన్నమ్మకూ ఇట్టాగే నోరెక్కువ," అన్నది గ్రేసమ్మ, గోడతో చెప్పినట్టు.

హన్నమ్మ అతని మొదటి భార్య. జ్వరంతో పోయిందని పెళ్లికి ముందు చెప్పారు.

ఎలిజబెత్ బిందె తీసుకుని పెరట్లోకి వచ్చింది. అక్కడి బావి నీళ్లు ఉప్పన అంటారు ఇంట్లోవాళ్లు. వీధి చివరి నుంచి ఆమే మోసుకురావాలి. దొడ్డికి తిన్నగా దారి ఉన్నా అత్త బావికి ఎడంగా, గోడవారగా చుట్టు తిరిగి పోతుంది. జ్ఞానయ్య అటు తల తిప్పడు. హన్నమ్మ పోయిన నాటి నుంచి అందులో దయ్యముందని పక్కింటి హజ్రా బీ అంటుంది. ఎలిజబెత్‌కు దయ్యాల మీద నమ్మకం లేదు. దయ్యం లేదనుకున్నవాళ్లకు ఇక మిగిలేది మనుషులే.

దండెం తాడు విప్పి బిందెకు కట్టింది. బావి మీది రేకు జరిపి తోడింది. దోసిట్లో పోసుకుని తాగింది.

తియ్యటి నీళ్లు.

"అక్కడేం పని నీకు?" వెనక జ్ఞానయ్య. గొంతు ముందుకు వచ్చిందే గాని, మనిషి బావికి ఎడంగానే ఆగిపోయాడు.

"నీళ్లకు పోతున్నానండీ."

నీళ్లు పారబోసి, తాడు విప్పి, బిందె చంకనెత్తుకుని వీధిలోకి నడిచింది. హజ్రా బీ అరుగు మీద బిందె దించింది. "ఇది ఇక్కడుంచక్కా. మా అన్న దగ్గరికి, నడికుడికి పోతున్నా."

"మళ్లీ ఎప్పుడొస్తవమ్మా?"

ఎలిజబెత్ బస్టాండు దారి పట్టింది. ఆ ఇంటి గురించి ఆమెకు తెలిసింది కనిష్ఠం మాత్రమే.