చివరి మాట తిరిగి పలుకు

యూనిఫారాలు కుట్టే ఆ కార్ఖానాలో ఇన్‌ఛార్జి పదవి దక్కిన నాటి నుంచి అతనికి ఒకచోట నిలకడ లేదు. కూర్చుంటే ఎవరో పిలిచినట్లుండేది. లేచి వెళ్తే ఎవరూ పిలవలేదని తెలిసేది. ఆ తల్లడింపు చూసి యజమాని ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. మనసులను గెలిచి మనుషులను నడిపించే విద్యను బోధించే గ్రంథమది. పరభాషలో పుట్టి తెలుగులోకి వచ్చినది. అతడు దానిని పారాయణ గ్రంథంలా పట్టుకున్నాడు. బస్సులో చదివాడు, అన్నం తింటూ చదివాడు. మంత్రానికి అక్షరాలెంత ముఖ్యమో, పలికే సమయమూ అంతే ముఖ్యమన్న సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు.

నాలుగో అధ్యాయం అతనికి ప్రాణమైంది. ఎదుటివారు బాధ చెప్పుకొన్నప్పుడు వాదించకు, ఓదార్చకు. వారి చివరి మాటను ప్రశ్నగా తిరిగి పలుకు, వారే మనసు విప్పుతారు. ఇదీ సూత్రం.

మొదట యజమాని మీదనే ప్రయోగించాడు.

"సరుకు ఆలస్యమైంది," అన్నాడాయన.

"ఆలస్యమైందా?"

అంతే. యజమాని తన జీవితంలోని ఆలస్యాలన్నీ, పెళ్ళితో సహా, ఏకరువు పెట్టి తేలికపడి వెళ్ళిపోయాడు. అతనికి గురి కుదిరింది. భార్య దగ్గర మాత్రం పాచిక పారలేదు.

"ఏమండీ, గ్యాస్ అయిపోయింది."

"అయిపోయిందా?"

"చెవులు బాగానే పనిచేస్తున్నాయిగా, కాళ్ళకేమొచ్చింది? కదలండి!"

కార్ఖానాలో బట్ట కోసే కటింగ్ మాస్టరు అతని బావ, భార్యకు తోడబుట్టిన అన్న. అతనికి కత్తెర పట్టడం నేర్పినవాడూ, చెల్లెలినిచ్చినవాడూ ఆయనే. ఇప్పుడు శిష్యుడు పైవాడై గురువు కిందివాడయ్యాడు. నాటి నుంచి ఆయన 'ఏరా బావా' అనడం మాని 'బావగారూ' అనసాగాడు. ఆ 'గారు' అతని చెవిలో మేకులా దిగేది.

ఒక ఉదయం, ఒకదానిపై ఒకటి పరిచిన బట్ట పొరలలో చొక్కా చేతులు సుద్దగీత తప్పి తెగాయి. దొంతరంతా పాడైంది. ఆ చేతి కింద అలాంటిది ఎన్నడూ జరగలేదు. అతడు పరుగున వచ్చేసరికి బావ సుద్దముక్కను జేబులో వేసుకుంటున్నాడు.

"ఇక నావల్ల కాదు. మానేస్తాను," అన్నాడు తల ఎత్తకుండా.

ఈ మాటకు మన ఇళ్ళలో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: 'అదేం మాట, ముందు కూర్చో.' అలిగినవాడు తలుపు మూస్తాడు గాని గడియ పెట్టడు. తోసేవారి కోసం చెవి ఒగ్గి ఉంటాడు. ఆ జవాబు అతని నాలుక కొసకు వచ్చింది కూడా. నాలుగో అధ్యాయం అడ్డుపడింది.

"మానేస్తావా?"

బావ తల ఎత్తాడు. "ఏంటి, వెక్కిరిస్తున్నావా?"

"వెక్కిరిస్తున్నానా?"

కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

"సరే బావగారూ. వెళ్తున్నాను."

"వెళ్తున్నావా?" అంది అతని నోరు, అతడు ఆపేలోపు.

పోయేవాడు సైతం 'వస్తాను' అని చెప్పి పోయే భాష మనది. ఆయన ఆ మాట అనకుండానే గుమ్మం దాటాడు. తెలుగు వాక్యానికి క్రియ చివర కూర్చుంటుంది. దానిని విడదీసి ఎదుటివాడి ముఖాన విసిరితే అది పలకరింపు కాదు, సవాలు. ఈ సంగతి పుస్తకం రాసినవాడికి తెలియదు, తెలుగు చేసినవాడికి తట్టలేదు; చదివినవాడికి మాత్రం అప్పుడు తట్టింది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మా అన్నయ్యను పొమ్మన్నారట?"

"నేను పొమ్మనలేదే! ఆయన అన్నదే అన్నాను."

"చిలకా అదే చేస్తుంది. దానికెవరూ ఇన్‌ఛార్జి పదవి ఇవ్వలేదు. ఇవాళ వెళ్ళి పిలుచుకురాకపోతే ఆ మనిషి ఇక మన గడప తొక్కడు, చెబుతున్నా."

చెప్పులు విప్పకుండానే వెనుదిరిగాడు. రెండు వీధులు దాటేలోపు క్షమాపణల అధ్యాయాన్ని నెమరువేశాడు, తప్పుగా గుర్తొచ్చిందని మళ్ళీ మొదలుపెట్టాడు. బావ మేడ మీది గదిలో మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"బావా, నీ భావాలను నేను గౌరవిస్తున్నాను."

"గౌరవిస్తున్నావా?" అన్నాడు బావ, అచ్చం ఉదయం అతడు పలికిన గొంతుతోనే.

"జరిగినదానికి చాలా బాధపడుతున్నాను."

"బాధపడుతున్నావా?"

అద్దంలోని తన బింబమే తనను చూసి పళ్ళికిలించినట్లయింది. గదిలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. చివరకు కట్ట తెగింది.

"ఆపు బావా! నాకు చేతకావట్లేదు. ఆ సీట్లో ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. నువ్వు లేని బల్ల దగ్గర నిలబడాలంటే కాళ్ళాడట్లేదు. నువ్వు మానడానికి వీల్లేదు, అంతే!"

గ్రంథం నిషేధించినవన్నీ ఆ ఒక్క కేకలో ఉన్నాయి.

"ఈ ముక్క పొద్దున అనుంటే నీ సొమ్మేం పోయేదిరా?" అన్నాడు బావ. తర్వాత గొంతు తగ్గించాడు. "గీత రెండుగా కనిపిస్తోంది. ఏది అసలుదో తెలీక మధ్యలోంచి కోశాను."

"ఎప్పట్నుంచి?"

"కొన్నాళ్ళుగా. నేను పైవాణ్ణయితే నిన్ను నాలుగు తిట్టి చెప్పేసేవాణ్ణి. కిందివాణ్ణయి ఎలా చెప్పను?"

"రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి నేనూ వస్తా."

"ఎందుకు, అక్కడ నేను చదివిన అక్షరాలు తిప్పి చదవడానికా? చెల్లాయిని పంపు." బావ మెడ నిమురుకున్నాడు. "అద్దాలతో కుదరకపోతే ఏంట్రా?"

ఈ ప్రశ్నకు ఏ అధ్యాయమూ గుర్తుకు రాలేదు. తోచినది చెప్పాడు.

"నేను కోస్తా. నువ్వు పక్కన నిలబడి తిట్టు."

"నీ కోత నేను చూడలేను," అన్నాడు బావ. ఆ మాటకు రెండర్థాలున్నాయని ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. ముందు నవ్వినవాడు బావే. నవ్వుతూనే దుప్పటి అంచును వేళ్ళతో జానలు కొలవసాగాడు.

"ఆ పాడైన దొంతర పారేశావా?"

"లేదు, అక్కడే ఉంది."

"ముట్టుకోకు. పిల్లల సైజుకి చేతులొస్తాయి. డాక్టరు దగ్గర్నుంచి నేరుగా అక్కడికే వస్తాను."