అలిగిన ఇద్దరికి తొలి ముద్ద

ఉప్పు మడిలో ఎండదెబ్బకు పడిపోయిన మూడో రోజున దాలమ్మ మూత్రపిండాలు రెండూ ఆమెలోంచి దిగి, వార్డు బయట బల్ల మీద కూర్చుంటాయి. పిడికెడేసి మనుషులు. మర్యాద తగ్గిందని అలిగిన వియ్యాలవారిలా గోడవైపు తిరిగి ఉంటారు.

నర్సు ఎస్తేరు వాళ్లను చూసి కేసుషీటులో రాసుకుంటుంది: ఇద్దరూ బయటే, మూత్రం లేదు.

"ఆళ్లు రాకపోతే ఏటవుద్దమ్మా?" అని అడుగుతుంది దాలమ్మ.

"నువ్వూ ఎలిపోవాలి," అంటుంది ఎస్తేరు, దుప్పటి సర్దుతూ.

ముందు చేతి నరానికి తెల్లటి సీసా కడతారు. చెయ్యి ఒక్కటే తింటుంది. మోచేతిదాకా బొద్దుగా తయారై, తక్కిన దాలమ్మను పలకరించడం మానేస్తుంది. కడుపు తలుపు మూసుకుని పడుకుంటుంది. బయట ఇద్దరూ ఇంకాస్త అవతలికి జరుగుతారు.

డాక్టరు వచ్చి చేతిని మందలిస్తాడు. "పేగుకి పని చెప్పాలి. అది పడుకుంటే ఆ ఇద్దరూ లేవరు."

ముక్కులోంచి కడుపుదాకా సన్నటి గొట్టం వేస్తారు. జావ కొద్దికొద్దిగా దిగుతుంది. కడుపు ఆవులించి లేస్తుంది. పేగులు గొణుక్కుంటూ పనిలోకి దిగుతాయి. ఆ చప్పుడుకు ఇద్దరూ గడపదాకా వచ్చి, అక్కడే ఆగిపోతారు.

వార్డులో ప్రతి మంచానికీ ఒక క్యారేజీ ఉంది, దాని మూత తీసే మనిషి ఉంది. ఎవరూ రాని దాలమ్మ మంచం మాత్రం రోజూ కొంత వెనక్కి జరుగుతుంది. ఇప్పుడు ఎస్తేరు ఆమె దగ్గరికి సైకిలు మీద వస్తోంది.

ఐదు రోజులకు గొట్టం తీసి, గిన్నెలో మెత్తటి అన్నం ఇస్తారు. ఉప్పు లేదు. ముప్ఫై ఏళ్లు ఉప్పు తీసిన మనిషికి చప్పిడి మెతుకులు! దాలమ్మ తొలి ముద్ద తన నోట్లోనే పెట్టుకుంటుంది. గడపలో ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేస్తారు.

తప్పు ఆమెకు వెంటనే తెలుస్తుంది. మడుల్లో మధ్యాహ్నం ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని, తొలి ముద్ద పక్కమనిషి నోట్లో పెడతారు. దాలమ్మ పక్కన ఎప్పుడూ ఆకుపచ్చ గాజుల అసిరమ్మ కూర్చునేది. అసిరమ్మ పోయి ఆరేళ్లు. అప్పటినుంచి దాలమ్మ గట్టు మీద, అందరికీ వీపు పెట్టి తింటోంది. పిలిస్తే ఆకలి లేదంటుంది. ఆ ఖాళీ చోట ఇంకెవరైనా కూర్చుంటారేమోనని ఆమె భయం.

ఆమె రెండు చిన్న ముద్దలు చేసి చెయ్యి చాపుతుంది. "రండర్రా. ముందు మీకే."

"మరి నీకెవులు పెడతారు?" అంటాడు ఆ ఇద్దరిలో పెద్దవాడు.

"ఎవులూ నేరు."

"అయితే ఖాళీ ఇంట్లో మేమిద్దరం ఏటి సేత్తాం?"

న్యాయమైన ప్రశ్నే. దాలమ్మ గిన్నె ఒళ్లో పెట్టుకుని, సిగ్గు విడిచి ఏడుస్తుంది.

"నాకూ ఎవులైనా ఓ ముద్ద పెట్టండర్రా," అంటుంది, వార్డంతా వినేలా.

మంచాలన్నీ కాళ్లు కదిపి ఆమె చుట్టూ గుండ్రంగా చేరతాయి. ఇద్దరూ లోపలికి వచ్చి, ముద్దలు తిని, మూతులు తుడుచుకుని, ఎవరి చోట్లో వాళ్లు సర్దుకుంటారు. మంచం కింది సంచిలో మొదటి చుక్క పడుతుంది. ఎస్తేరు కేసుషీటులో రాస్తుంది: ఇద్దరూ లోపలే.

సంచి నిండి, పొర్లి, నేలంతా పారుతుంది. కిటికీ ఎండకు ఆ నీరు ఆరి, మోకాలి లోతున ఉప్పు పేరుకుంటుంది. అందులోంచి ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి, వేళ్ల మధ్య ముద్దతో, పైకి లేస్తుంది. నోరెక్కడుందో తెలియక గాలిలో తడుముకుంటుంది.

దాలమ్మ ముందుకు వంగి నోరు తెరుస్తుంది. ముద్దలో ఉప్పు సరిగ్గా సరిపోయింది.