బ్యాండు లేదు

పద్నాలుగో ఫోను వెనక మూత ఊడదీసేసరికి అహరోను బొటనవేలి గోరు చీలింది. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, రక్తం ఉమ్మేసి, బ్యాటరీ కింద అంటించిన చిన్న కాగితం మీది మోడల్ నంబరు చదివాడు. రాయి బరువు పెట్టిన జాబితాలో దాన్ని వెతికాడు. మూడు, అయిదు, నలభై. ఇరవై ఎనిమిది లేదు.

"బ్యాండు లేదు. తీస్కపో," అని ఫోను నెట్టాడు.

"నాకేమన్న పెండ్లా, బ్యాండెందుకు?" అన్నాడు ఫోను తెచ్చిన హమాలీ. వెనకున్నవాళ్లు నవ్వారు. అహరోను నవ్వలేదు. పొద్దటి నుంచి ఈ మాట వినడం ఇది మూడోసారి.

లక్సెట్టిపేట బస్టాండు గోడ పక్కన, ఫోను కంపెనీ గొడుగు కింద, పన్నెండు రోజులుగా అతనికి ఇదే పని. చుట్టుపక్కల ఊళ్ల టవర్లలో పాత సిగ్నలు తీసేసి కొత్తది పెట్టారు. కొత్తది ఇరవై ఎనిమిదో బ్యాండులో వస్తుంది. ఆ బ్యాండు పట్టే శక్తి లేని ఫోను ఎంత ఖరీదైనదైనా మోగదు. ఈ సంగతి జనానికి విడమరిచి చెబుతుంటే మొదటిరోజే సూపర్‌వైజర్ అనిల్ కుమార్ కసురుకున్నాడు. "ఉన్నదా లేదా, ఒక్క ముక్క చెప్పు అంకుల్. కథలు చెప్పకు, లైను పెరుగుతుంది."

ఆ కుర్రాడు పుట్టకముందే, తన పందొమ్మిదో ఏట, అహరోను బెల్లంపల్లిలో గడ్డపార పట్టి కేబుల్ కందకాలు తవ్వాడు. తర్వాత స్తంభాలెక్కాడు. వానలో నడుముకు తాడు బిగించుకుని పైనుంచి "హలో, లైనొచ్చిందా?" అని అరిచేవాడు. ఎవరింట్లో పురుడైందో, ఎవరింట్లో మనిషి పోయాడో ఊరికంటే ముందు అతనికి తెలిసేది. పిల్లలు కూడా లైను అహరోను అనేవారు. పర్మనెంటు మాత్రం కాలేదు. ఒకసారి కాగితాలు పోయాయన్నారు, ఇంకోసారి వయసు మించిందన్నారు. చివరికి తను పూడ్చిన తీగల్నే తుక్కుకు అమ్మేందుకు తవ్వితీయమని కూలికి పిలిస్తే వెళ్లి తవ్వాడు. ఆనాటి నుంచి అతని కోపం చల్లారలేదు. ఎవరి మీదని భార్య స్తుతి అడిగితే చెప్పలేకపోయేవాడు. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే అతను పళ్లు కొరికేవాడు.

ఎండ నెత్తిమీదికొచ్చిన వేళ ఒక ముసలావిడ వరసను మోచేతులతో చీల్చుకుంటూ వచ్చింది. మెడలో వేలాడుతున్న ఎర్ర గుడ్డసంచి తీసి, అందులోని ఫోనును బల్ల మీద కొట్టినట్టు పెట్టింది.

"నీ నోట్ల మన్నువడ! నువ్వే గదరా చెప్పింది?"

"లైన్ల రా అవ్వా. ఏం చెప్పిన?"

"బంద్ లేదంటివి. పది దినాలాయె, ఒక్క ఫోనొస్తలేదు. మంథనిల నా చెల్లె శంకరవ్వ పాణం బాగలేక మంచంల పడ్డది. ఈ కొమురవ్వతోటి మాట్లాడంది దానికి పొద్దుగూకదు. ఫోను బంద్ లేదాయె, మరి అదే అలిగిందనుకున్న. పోయినసారి చీర కాడ మాటామాటా అనుకున్నం. అదే చెయ్యనీ, నేనెందుకు తగ్గాలె అని నేను గూడ బిర్రుగ కూసున్న."

"బంద్ అని నేనెందుకంట? బ్యాండు లేదన్న! చెవులు ఏడ వెట్టినవ్..."

అరుపు సగంలో ఆగిపోయింది. ఆమె ముఖం గుర్తొచ్చింది. పది రోజుల కింద ఆమె నవ్వింది. "సల్లగుండు కొడుకా," అని చెయ్యెత్తి దీవించి వెళ్లింది. లేదు అనే మాట విని ఈ బల్ల ముందు నవ్విన మనిషి ఆమె ఒక్కతే. అతనికి వింతగానే తోచింది. కానీ వెనక ముప్పై మంది నిలబడి ఉన్నారు. తర్వాతి ఫోను అందుకున్నాడు.

తన ఫోనులోంచి సిమ్ము తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆమె సిమ్ము అందులో పెట్టాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఫోను వణకడం మొదలుపెట్టి ఆగలేదు. అందకుండా పోయిన పిలుపుల సంగతులన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే బల్ల మీద దానంతటదే పక్కకు జరిగింది. అన్నీ మంథని నంబరు నుంచే. అన్నీ పొద్దుగూకే వేళవే. మొన్న మాత్రం పగలంతా ఉన్నాయి. నిన్న పొద్దున ఒకటి. ఆ తర్వాత లేవు.

అతనే ఆ నంబరు నొక్కి ఫోను ఆమె చేతికిచ్చాడు. పిలుపందుకున్నవాడు శంకరవ్వ కొడుకు కొండల్. గొంతు పెద్దది, బల్ల దాకా వినబడింది.

"పెద్దవ్వా, యాడున్నవే? అవ్వ నిన్న పొద్దుగాల పోయింది. నీకు ఫోను కలుస్తలేదాయె. మాపటిదాక ఆపి గోదారి గంగ ఒడ్డుకు తీస్కపోయినం. మొన్నంత నీ పేరే తీసింది. అక్కకు ఇంక కోపం పోలేదారా అని అడిగింది."

కొమురవ్వ ఏడవలేదు. "కోపమెక్కడిది," అంది. ఆ మాట కొండల్‌తో అన్నట్టు లేదు. పాత ఫోనును అరచేత్తో తోసేసింది. అది కిందపడి మూత ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు ఎగిరాయి. వరసలో ఎవరూ వంగి తీయలేదు.

"ఆ దినం నన్ను ఒక్కపారి ఎనుకకు పిలిస్తే నీదేం పోవురా?" అని అడిగింది అహరోనును.

మంచిర్యాల బస్సు వచ్చి ఆగింది. అక్కడ దిగితే మంథని బస్సు దొరుకుతుంది. ఆమె తిరిగివ్వబోయిన ఫోనును అతను మళ్లీ ఆమె గుప్పిట్లోనే నొక్కిపెట్టాడు.

"ఇది నీ కాడనే పెట్టుకో. నీ సిమ్మే ఉన్నది. వాడు చేస్తే మోగుతది. జల్ది పో."

ఆమె దాన్ని తన గుడ్డసంచిలో దూర్చబోయింది. పట్టలేదు. ఫోను చేతిలో పట్టుకుని బస్సెక్కింది. కిటికీలోంచి ఇటు చూడలేదు.

వరస ముందుకు జరిగింది. ఒక రైతు ఫోను చాపాడు. అహరోను మూత తీశాడు, చదివాడు, జాబితాలో వెతికాడు. తర్వాత ఆ రైతు మణికట్టు పట్టుకున్నాడు.

"మోగది ఈ ఫోను. నీ ఇంటోళ్లు చచ్చినా నీకు తెల్వది. సమజైందా?"

"అరె, ఏందయ్యా గట్ల మాట్లాడుతవు? చెయ్యిడువు!"

"ఏం సమజైందో చెప్పు. చెప్పి పో. చెప్పేదాక విడువ!"

అవతల నుంచి అనిల్ కుమార్ "ఓ అంకుల్, లొల్లి ఏంది?" అని కేకేస్తూ వస్తున్నాడు. అహరోను అటు తిరగలేదు, చెయ్యీ వదల్లేదు. బల్ల అంచున కొమురవ్వ సంచి పడి ఉంది. పాత రవిక గుడ్డతో చేత్తో కుట్టినది. మెడ చెమటకు దాని తాడు నల్లబడింది. లోపల ఏమీ లేకపోయినా, ఇంకా ఫోను ఆకారంలోనే ఉబ్బి, నోరు తెరుచుకుని ఉంది.