పైకెం మోతగుడ్డ

జావా దీవిలో యోగ్యకర్త అనే ఊరి పాత బజారులో మూటలు మోసేది ఆడవాళ్లే. చారల గుడ్డతో బస్తాని వీపుకి కట్టుకుని, గుండెల మీద ముడేసుకుని మెట్లెక్కుతారు. ఒంటరిగా ఎవరూ ఎత్తుకోలేరు. వెనక నుంచి ఒకరు ఎత్తిపడితేనే ఇంకొకరు లేస్తారు. పైకెంకి ఎత్తిపట్టేది తుమీరా, తుమీరాకి పైకెం. పెళ్లిళ్లు కాకముందు నుంచీ అంతే.

సాయంత్రానికి ఆ గుడ్డలు పెరుగుతాయి. మోసిన మనిషికి ఎంత కష్టమనిపిస్తే అంత. ఒకే బస్తా మోసినా ఒకరిది బెత్తెడు, ఒకరిది మూర. పెరిగింది కత్తిరించి పిల్లలకి లాగులు కుట్టుకుంటారు. మోకాలు వాచిన దగ్గర్నుంచి పైకెం ఇంట్లో దిండు గలీబులన్నీ కొత్తవే.

ఆ యేడు మెట్ల కింద, గుమ్మం పక్కన ఒక చోటు ఖాళీ అయింది. అక్కడ కూర్చున్నవాళ్లు మెట్లెక్కక్కర్లేదు, రిక్షా దాకా సంచులు మోస్తే చాలు. ఎవరు ఎక్కువ కష్టపడుతున్నారో వాళ్లకిస్తానని బజారు పెద్ద ఒక డాక్టరమ్మని పిలిపించాడు.

ఆవిడ ఆరు నుంచి ఇరవై దాకా అంకెలున్న అట్ట చూపించింది. "ఎలా ఉందమ్మా బరువు? ఆరంటే ఏమీ లేనట్టు. ఇరవై అంటే ఇక నావల్ల కాదని."

"ఆరండీ," అంది పైకెం రొప్పుతూ. పరాయి మనిషి ముందు కష్టం చెప్పుకోవడం ఏం మర్యాద? అందరూ ఆరే అన్నారు.

డాక్టరమ్మ అట్ట సంచిలో పెట్టేసింది. "సాయంత్రం గుడ్డలివ్వండి, కొలుస్తాను."

సాయంత్రం పైకెం మెట్ల మీద కూలబడింది.

"ఇలా తేవే, నీది కూడా నేనే ఇచ్చొస్తా. నువ్వెళ్లి టీ తాగు," అంది తుమీరా.

"నువ్వున్నావు కాబట్టి గానీ అక్కా."

మర్నాడు కింద చోటు తుమీరాకొచ్చింది. ఆమె భుజాన ఉన్న గుడ్డ అంచుకి ఎర్రదారంతో వేసిన రఫూ ఉంది. అది పైకెం వేసుకున్నదే. పైకెంకి తిరిగొచ్చిన గుడ్డకి రఫూ లేదు.

"అక్కా, ఆ గుడ్డ..."

"నా చోటు మీద కన్నెయ్యకే. నీ మోకాలు ఎప్పటికైనా తగ్గుద్ది. నా వయసు తగ్గుద్దా?"

పైకెం పైకి పోయింది. ఉల్లిపాయల కొట్టావిడెవరో బస్తా ఎత్తిపట్టి, లేవకముందే వదిలేసింది.

గుడ్డకి తనది ఏ వీపో తెలుసు. పైకెం పైన ఒక్కో బస్తా మోస్తుంటే కింద తుమీరా భుజాన అది పెరిగింది. తుమీరా మడిచి ఒళ్లో పెట్టుకుంది, తర్వాత మడిచి దానిమీదే కూర్చుంది. మధ్యాహ్నానికి అది నేల మీదికి జారి మెట్లెక్కడం మొదలెట్టింది.

"ఎవరిదమ్మా ఇది? కాళ్లకడ్డం," అని తిట్టుకుంటూ కూరలవాళ్లు దాటుకుపోయారు.

ఎర్రదారం అంచు పైకెం కాళ్ల దగ్గరకొచ్చి ఆగింది. దాని వెనకే బజారు పెద్ద వచ్చాడు. పైకెం మోకాలు చూశాడు, వెనక్కి తిరిగి కిందికి చూశాడు.

"నువ్వు దిగమ్మా. ఆవిణ్ణి ఎక్కమంటాను."

మెట్ల మధ్యలో ఇద్దరూ ఎదురుపడ్డారు. తుమీరా గుడ్డంతా చుట్టి పైకెం చేతుల్లో పెట్టింది.

"ఇంక నాకెవరు ఎత్తిపడతారే?"

పైకెం ఆమె గుడ్డ ఆమెకిచ్చేసి దిగిపోయింది.

దర్జీ దగ్గర పెరిగిందంతా కత్తిరించుకుని, మిగిలింది భుజాన వేసుకుని, తుమీరా ఎక్కిన మెట్లకేసి చూస్తూ గుమ్మం పక్కన కూర్చుంది. ఆ పూట ఆమె మోసిందల్లా ఒకావిడ అరటిపళ్ల సంచి. సాయంత్రం ముడి విప్పితే గుడ్డ మూర మీద జానెడు పెరిగి ఉంది.