ఆకుపచ్చ రేకు కింద

విజయనగరంలో చీర కొనడం తేలిక. నచ్చిందేదో కొనేసి ఇంటికొచ్చేయొచ్చు. దానికి సరిపోయే జాకెట్టు ముక్క వెతకడం మొదలుపెట్టారా, ఇక ఆడవాళ్ళకి ఆకలిదప్పులు గుర్తుండవు. ముక్కని చీర మీద పరిచి చూస్తారు, తోడొచ్చినవాళ్ళకి చూపిస్తారు, చివరికి రెండూ చేతపట్టుకుని కొట్టు గుమ్మం దిగుతారు. ట్యూబులైటుని నమ్మే ఆడమనిషి ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. పగటి వెలుతురులో చూసి తలూపితేనే బేరం తెగినట్టు.

హైమ మ్యాచింగ్ సెంటర్ పెట్టింది వాళ్ళని నమ్ముకునే. గణపతిరావుగారి కాంప్లెక్సులో చివరి కొట్టు తొమ్మిదేళ్ళకి లీజు రాసుకుంది. మొదటి ఏడాది గుమ్మం ముందు చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. ఆమె కంటికి అంత పేరు. చీర మడత విప్పేలోపే చెయ్యి చాచి సరైన గుడ్డ తాను లాగేసేది. తర్వాత ఏం మాయరోగం వచ్చిందో, జనం పలచబడ్డారు. మూడో ఏడాదికి మధ్యాహ్నాలు ఆవిడే తానులు విప్పి మళ్ళీ చుట్టుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది.

పోనీ మూసేద్దామా అంటే లీజు ఒప్పుకోదు. గడువు తీరకుండా ఖాళీ చేస్తే అడ్వాన్సు పోతుంది, పైగా ఇంకొకరు చేరేదాకా అద్దె ఆమే కట్టాలి. సంతకం పెట్టిన రోజున ఆ కాగితం ఆమెకి ఎంత ముద్దొచ్చిందో! తొమ్మిదేళ్ళు తనని ఎవరూ లేపలేరని పొంగిపోయింది. తనే లేచిపోవాలనుకునే రోజు వస్తుందని ఆ సంబరంలో ఎవరికి తోస్తుంది?

ఆమె భర్త వెంకటేష్ ఆటో స్పేర్‌పార్టుల కొట్లో పనిచేస్తాడు. "అందరూ ఫోన్లలోనే రెడీమేడ్ జాకెట్లు తెప్పించుకుంతన్నారే. ఇందులో నీ తప్పేటున్నాది?" అనేవాడు. వినడానికి హాయిగానే ఉండేది. కానీ రెండు వీధుల అవతల ఇంకో మ్యాచింగ్ సెంటరు కిటకిటలాడిపోతోంది. అక్కడికెళ్ళేవాళ్ళ దగ్గర ఫోన్లు లేవా? హైమకి ఈ ప్రశ్న పంటిలో ఇరుక్కున్న పీచులా తయారైంది.

ఇంకో వింత కూడా ఆమెని కుదురుగా ఉండనిచ్చేది కాదు. ఎప్పుడైనా ఎవరైనా వెనక్కి తెచ్చిన ముక్కలన్నీ ఎరుపు సంతతివే. మెరూన్, దానిమ్మ, వంకాయ, రాణి రంగు. ఆకుపచ్చల మీద ఒక్క ఫిర్యాదూ లేదు. తీరా కొట్టు గుమ్మం దిగి చీర పక్కన పెట్టి చూస్తే రెండూ చక్కగా కలిసే ఉండేవి. "సరిపోయింది కదమ్మా!" అనేది హైమ. వచ్చినావిడ కూడా అయోమయంగా చూసి, "ఔననుకుంటాను" అని వెళ్ళిపోయేది. వెళ్ళినావిడ మళ్ళీ వచ్చేది కాదు. తన కళ్ళకే ఏదో అయిందని భయపడి హైమ కళ్ళ డాక్టరు దగ్గరికీ వెళ్ళింది. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడాయన. అప్పుడు ఆ భయం ఇంకా పెరిగింది. కళ్ళు బాగుండి కూడా రంగు తెలియడం లేదంటే ఇక తను దేనికి పనికొస్తుంది?

చివరికి ఒక ఆదివారం పొద్దున్నే తోటపాలెంలో గణపతిరావుగారింటికి వెళ్ళింది. ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. మంచివాడే, కానీ తన మంచితనాన్ని తనే లెక్క చెప్పుకునే రకం.

"బాబాయ్‌గోరూ, నన్ను ఒదిలీండి. కొట్టు ఖాళీ సేసి ఎలిపోతాను," అంది.

"అలగెలగమ్మా? లీజంటే లీజే. నీకు నానేటి లోటు సేసేను సెప్పు? ఎండకీ వానకీ నీ కస్టమర్లు ఇబ్బంది పడతన్నారని కాంప్లెక్సు పొడుగునా, రోడ్డు దాకా రేకు ఏయించేను. దానికి అద్దె పెంచేనేటి?"

నిజమే, పెంచలేదు. రెండో ఏడాది వేయించిన ఆ ఆకుపచ్చ ప్లాస్టిక్ రేకుని ఊరంతా మెచ్చుకుంది. హైమ కూడా మెచ్చుకుంది. ఆమె పక్కనున్న పెరటి వైపు చూసింది. గణపతిరావుగారి భార్య కుసుమకుమారి నీరెండలో పట్టుచీరలు ఆరేస్తోంది. తీగ మీద ఒక మెరూన్ చీర, దాని పక్కన వంకాయరంగు జాకెట్టు. జాకెట్టుకి చీర అంచులోదే జరీ ముక్క కుట్టి ఉంది. అంటే రంగు కలవని ఆ రెండూ ఒక జత!

హైమ ఆగలేకపోయింది. "పిన్నిగోరూ, ఈ జాకెట్టు ముక్క మీకు ఎవరిచ్చేరండి?"

కుసుమకుమారి ఇబ్బందిగా నవ్వింది. "ఎవరేటే? నువ్వే ఇచ్చేవు."

"నానిచ్చేనా! మరి అప్పుడే సెప్పలేదేటండి?"

"ఎలగ సెప్తానే, మా కొట్లో అద్దెకున్న పిల్లవి. మా అమ్మాయి నిశ్చితార్థంలో అందరూ అడిగేరు. కావాలనే కాంట్రాస్టు ఏసుకున్నానని సెప్పేను. తరవాత మరి నీ దగ్గరికి రాబుద్ధి కాలేదు."

అప్పుడు హైమకి కోపం రాలేదు, సిగ్గూ రాలేదు. ఒంటి నిండా కుతూహలం ముంచుకొచ్చింది. "ఈ రెండూ ఒక్కసారి ఇస్తారా?" అని అడిగి, చీరా జాకెట్టూ స్కూటీ డిక్కీలో పెట్టుకుని కొట్టుకి బయల్దేరింది. వెనకే గణపతిరావుగారు భార్యని బండెక్కించుకుని వచ్చాడు. ఆదివారం పూట ఇంతకన్నా వినోదం ఆయనకి మాత్రం ఏముంది?

హైమ కొట్టు గుమ్మం ముందు, రేకు కింద నిలబడి జాకెట్టుని చీర మీద పెట్టింది. రెండూ ఒకటే రంగు.

"కలిసిపోనాయి కదే! దీనికేటి గొడవ?" అన్నాడు గణపతిరావు.

ఆమె అడ్డంగా ఆపిన ఆటోల సందులోంచి దూరి నడిరోడ్డు మీదికి వెళ్ళింది. ఎండలో చీర మెరూన్. జాకెట్టు అచ్చం వంకాయరంగు. గణపతిరావుగారు చీరా జాకెట్టూ లాక్కుని రేకు కిందికి వచ్చాడు, మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. లారీవాడు హారన్ కొట్టినా వినిపించుకోలేదు. తర్వాత తలెత్తి తన రేకుని చూశాడు. దాని కింద అందరి మొహాలూ కాస్త ఆకుపచ్చగానే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎవరూ గమనించలేదు.

పాపం, వచ్చినవాళ్ళు అలవాటు ప్రకారం వెలుతురులోనే చూసుకున్నారు. గుమ్మం దిగితే వెలుతురే అనుకున్నారు. హైమా అలాగే అనుకుంది.

గణపతిరావుగారికి మొహం చెల్లలేదు. "సరే, ఓ పని సేద్దాం. లీజు రద్దు సేసీసుకుందాం. అడ్వాన్సు ఇచ్చీస్తాను, నీ ఇష్టమొచ్చిన కాడికి ఎలిపో. రేకు తియ్యమని మాత్రం అనకు. జ్యూసు కొట్టు సింహాచలం ఈ నీడని నమ్ముకునే బెంచీలేసుకున్నాడు."

నెలల తరబడి హైమ దేవుళ్ళందరినీ అడిగింది ఇదే. ఇప్పుడు చేతికందాక నోరు "సరే" అనడం లేదు.

"ఎల్లను బాబాయ్‌గోరూ. ఇన్నాళ్ళూ నా కళ్ళే పోనాయనుకున్నాను. పోలేదని ఇప్పుడే తెలిసింది, ఇప్పుడు ఎలాగెల్తాను? మిగతా కొట్లవోల్ల రేకు ఆలకి ఉండనివ్వండి. నా కొట్టు ముందరిది ఒక్కటే ఊడదీయించండి."

"వాన పడితేనో?"

"తడుస్తాను."

ఆయన భార్య వైపు చూశాడు. "సూస్తారేటి? ఊడదీయించండి. ఆ జాకెట్టుతో వియ్యాలవారి ముందు తిరిగింది నాను, మీరు కాదు," అందావిడ.

మర్నాడు మేస్త్రీ నిచ్చెనేసి చివరి రేకు విప్పాడు. హైమ గుమ్మం ముందు ఎండ పడింది. జనం మాత్రం ఎగబడి రాలేదు. పోయిన పేరు ఒక్క పూటలో తిరిగి రాదని హైమకి తెలుసు, భయంగానే ఉంది. మధ్యాహ్నానికి కుసుమకుమారి ఒక్కతే వచ్చింది, అదే మెరూన్ చీరతో. హైమ కావాలనే అర రంగు తేడాతో ఉన్న దానిమ్మ ముక్క ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ దాన్ని ఎండలోకి తీసుకెళ్ళి చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. మొహం చిట్లించింది. వెనక్కి తిరిగి హైమ మొహం చూసేసరికి ఆ చిట్లింపు కాస్తా చిరునవ్వయిపోయింది.

"బాగానే ఉన్నాది. కట్టీవే," అంది.

హైమ మెట్టు దిగి వెళ్ళి ఆ ముక్కని ఆవిడ చేతిలోంచి లాక్కుంది.

"బాగోలేదు పిన్నిగోరూ. మీరు మొగమాటానికి బాగుందంటే నాను కొట్టు మూసుకోవాలి. లోపలికి రండి, ఇంకోటి తీస్తాను."